చేతులు జేబులో, నోట్లో ఓకే

ఓకే అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాలు పోసే మనిషి అంటాడు, కరెంటు బాగుచేసే మనిషి అంటాడు. రవిక శుక్రవారానికి కుట్టి ఇస్తావా అని అడిగితే టైలరు తల కూడా ఎత్తకుండా ఓకే అంటాడు. శుక్రవారం వెళ్తే గుడ్డ మడత కూడా విప్పి ఉండదు. వెనక్కి పిలిచి, "ఓకే అంటే ఏమిటి నాయనా, చేస్తావనా, చెయ్యవనా?" అని అడుగుతాను. ముసలామెకు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. నేను ఈ మాటను నా బతుకులో ఒక్కసారే వాడాను. ఆ ఒక్కసారి సంగతి చివర్న చెబుతాను, ఎందుకంటే చెప్పడానికి నాకు అంత తొందర లేదు.

ఈ మాటను మా ఇంటికి తెచ్చింది మా మామ. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అస్సాం వైపు నుంచి పుంగనూరికి తిరిగొచ్చాడు. యుద్ధం నుంచి వచ్చాడంటే ఏమో అనుకునేరు. ఆయన తుపాకి ముట్టుకోలేదు. అమెరికా పటాలం పక్కన ఒక స్టోరులో డబ్బాల మీద చీటీలు అంటించే పని. నాలుగేళ్లు జిగురు పూసి, రెండు ఖాకీ ప్యాంట్లు, ఒక నల్ల కళ్లద్దాల జత, ఈ మాటా సంపాదించుకుని వచ్చాడు. కళ్లద్దాలు ఆ ఏడే విరిగిపోయాయి. ప్యాంట్లు చాలాకాలం నిలిచాయి.

ఆ ప్యాంట్లకు జేబులు చాలా లోతు. మోచేతి దాకా దిగేవి. మా వైపు పంచె కట్టుకునే మగవాళ్ల చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, పలుపుతాడో, సంచో, మరొకటో. మామ చేతులు మాత్రం ఆ జేబుల్లోకి దిగి మళ్లీ బయటికి రావడం మానేశాయి. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు తప్ప ఆయన చేతులు చూసినవాళ్లు తక్కువ. భుజాలు ఎగరేసి, మడమల మీద ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఎవరేమడిగినా ఓకే. అక్క అన్నం పెడతానంటే ఓకే. పక్కింటాయన చచ్చిపోయాడంటే కూడా ఓకే.

మదనపల్లె, పుంగనూరు మధ్య తిరిగే బస్సులో ఆయనకు కండక్టరు ఉద్యోగం దొరికింది. అప్పటి బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక ఒక పెద్ద పీపా, దాని కింద నిప్పు, ఒకడు చక్రం తిప్పుతూ గాలి కొట్టాలి. తీరా బండి రాజుకుని కదలబోయేసరికి మామ అందరిలా రైట్ రైట్ అనడు. ఓకే అని అరుస్తాడు. డ్రైవరు కురబలకోట మనిషి, మొండివాడు. వినపడినా కదిలేవాడు కాదు. చివరికి వెనక సీట్లో గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకున్న ముసలామె ఎవరో "పోనీ నాయనా, ఎండ ముదరతాండాది" అంటే బండి కదిలేది. మామ మాత్రం తన మాటకే కదిలిందన్నట్టు అందరి మొహాలూ చూసేవాడు.

ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా ఆయనే చెప్పేవాడు. పుంగనూరు బస్టాండు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో రోజుకొక పుట్టుక. ఒకనాడు అమెరికా రాజు ముద్ర మీద ఉండేదన్నాడు. అమెరికాకు రాజెక్కడ, అని అడిగే బుద్ధి అక్కడ ఒక్కడికీ లేదు. ఇంకోనాడు బిస్కెట్ల డబ్బాలు చేసే దొర ఒకడు మంచి డబ్బాల మీద తన పేరు ముక్క వేసేవాడన్నాడు. అక్కడి హెడ్మాస్టరు తనకు తెలియని మాట ఉండటం నామోషీ అనిపించి, అది గ్రీకు భాష అని తేల్చేశాడు. ఆయనకు గ్రీకు ఎంత వచ్చో నాకూ అంతే వచ్చు. మేముండే కుప్పంలో స్టేషన్ మాస్టరయితే అది తంతివాళ్లు పుట్టించిన మాట అని, రైలు రాకపోయి ఉంటే ప్రపంచంలో ఓకే ఉండేదే కాదని బల్ల గుద్దాడు. ఇంతమంది పెద్దమనుషులు ఒక మాటకు తండ్రిని వెతకడంలో పడ్డారే గానీ, దాన్ని పలికి ఎవడైనా ఒక్క పని చేశాడా అని ఒక్కరూ చూడలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్ద నిఘంటువులో నేనే చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి అని చెప్పే రెండు ఇంగ్లీషు మాటల్ని, నవ్వులాటకు, కావాలని తప్పుగా రాసి, వాటి మొదటి అక్షరాలు తీసి పత్రికలవాళ్లు వేసుకున్నారట. అంటే పుట్టుకలోనే ఎగతాళి. మామ చేతిలో పడటానికి తగిన మాటే.

ఇప్పుడు మా పద్ధతి ఒకటి చెప్పాలి. లేకపోతే మామ చేసింది ఏమిటో అర్థం కాదు.

మా ఇళ్లల్లో ఒకరితో ఒక పని ఒప్పించాలంటే వక్కాకు ఇస్తారు. రెండు తమలపాకులు, ఒక వక్క పలుకు. చెయ్యి చాపి అందుకున్నాడంటే ఒప్పుకున్నట్టు. సరే అని నోటితో అననక్కర్లేదు. చెయ్యలేనివాడు చెయ్యి చాపడు, "ఇంకొకరికి ఇయ్యమ్మా" అంటాడు. అందులో ఎవరికీ చిన్నతనం లేదు. అందుకున్నాక మాత్రం వాన వచ్చినా, జ్వరం వచ్చినా పని జరగాల్సిందే. మా నాన్న పోయినప్పుడు గుర్రంకొండ దగ్గర ఉండే మా మేనత్తకు కబురు చెప్పమని అమ్మ మా వీధి మనిషి ఒకాయనకు వక్కాకు ఇచ్చింది. మదనపల్లె దాకా బస్సు దొరికింది, అక్కడి నుంచి దొరకలేదు. ఆయన నడిచి పోయి కబురు చెప్పి, మా అత్తను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనకు అఆలు కూడా రావు.

నాన్న పోయాక కుప్పంలో నేనూ అమ్మా ఉండేవాళ్లం. నేను అక్కడి ఆడపిల్లల బడిలో టీచరును. ఒక వేసవిలో అమ్మకు దగ్గు పట్టుకుంది. కషాయాలు అయ్యాయి, తేనె అయ్యింది, ఒకనాడు పొద్దున చీర కొంగు మీద రక్తం పడింది. కుప్పం డాక్టరు ఛాతీ మీద వేళ్లతో కొట్టి చూసి, ఒక చీటీ రాసిచ్చాడు. మదనపల్లె బయట గుట్టల పక్కన ఉన్న క్షయ ఆస్పత్రిలో ఆ చీటీ ఇచ్చి పేరు రాయించుకోవాలి. మంచాలు తక్కువ. వరస వచ్చినప్పుడు కార్డు రాస్తారు. "ఎంత ముందు పేరు పడితే అంత మంచిదమ్మా" అన్నాడు డాక్టరు నాతో, విడిగా.

నేనే పోతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. పరీక్షల కాలం, బడికి సెలవు పెడితే ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. పైగా తమ్ముడు రోజుకు రెండుసార్లు మదనపల్లెకు పోయి వస్తుంటే కూతురు ఎందుకు పోవాలి? ఆ ఆదివారమే మామ కుప్పం వచ్చాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, చేతులు రెండూ వాటి స్థానాల్లో పెట్టేసుకుని నిలబడ్డాడు. అమ్మ ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో వక్కాకు పట్టుకుని ఎదురుగా వచ్చింది.

"ఏమప్పా, ఈ చీటీ ఆడ ఆస్పత్రిలో ఇచ్చి నా పేరు రాయించి రావాల. ఇంద" అంది.

ఒక చెయ్యి బయటికి వచ్చింది. చీటీ పట్టుకుని మళ్లీ లోపలికి పోయింది. వక్కాకు అమ్మ చేతిలోనే ఉంది.

"ఓకే అక్కా" అన్నాడు.

"వక్కాకు తీసుకో మరి."

"ఇయ్యన్నీ యాలక్కా? ఓకే అంటి గదా. దొరలు ఆ మాట అన్నారంటే ఇంగ అయిపోయినట్లే. వెనక్కు సూసేది లేదు."

అమ్మ మొహం వెలిగిపోయింది. నాకు ఆ మొహం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. తన జన్మలో ఏనాడూ వక్కాకు అందుకోని మాటను నమ్మని మనిషి, ఆ రోజు నమ్మింది. మనది పల్లెటూరి పద్ధతి, వాళ్లది దొరల పద్ధతి, కాబట్టి అది ఇంకా గట్టిది అనుకుంది. ఆకులు తిరిగి వక్కాకు తిత్తిలో పెట్టుకుని దాని నోరు ముడివేసింది.

"మామా, వక్కాకు తీసుకో. తీసుకుంటే నీ చెయ్యేం అరిగిపోదు" అన్నాను నేను.

అమ్మకు కోపం వచ్చింది. "సదువుకున్నదానివి, ఇంత మొరటుగా మాట్లాడతావేంది పాపా? పెద్ద పెద్ద దొరలే ఆ మాట మింద నడస్తాండారంట. మన రెండాకులు యాడికి సాల్తాయి?"

మామ మడమల మీద ఊగాడు.

మేము కార్డు కోసం చూడటం మొదలుపెట్టాం. బడి నుంచి వచ్చేటప్పుడు పోస్టాఫీసు మీదుగా వచ్చేదాన్ని. ఒక నెల అయ్యింది. మంచాలు తక్కువ కదా అని అమ్మే నాకు ధైర్యం చెప్పేది. రెండో నెలలో మామకు ఉత్తరం రాశాను, చీటీ ఇచ్చావా అని. జవాబు కార్డు వచ్చింది. ఒకవైపు మా అడ్రసు. రెండో వైపు అంత తెల్లటి జాగాలో ఒక్కటే మాట. ఏ మాటో చెప్పక్కర్లేదు. అమ్మ ఆ కార్డును దేవుడి పటం వెనక దోపింది. మూడో నెలకు అమ్మ బావి దాకా నడవలేకపోయింది. నాలుగో నెలలో నేను సెలవు చీటీ హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పడేసి, ఆమె జవాబు కోసం ఆగకుండా బస్సెక్కాను.

పలమనేరులో బస్సు మారి పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నం. మామ ఎక్కడుంటాడో వెతికే పని లేదు. కాఫీ హోటల్లో నలుగురి మధ్య నిలబడి, అమెరికా రాజు ముద్ర కథ చెబుతున్నాడు. నేను గడప దగ్గరే నిలబడి అడిగాను.

"మామా, అమ్మ చీటీ ఇచ్చినావా?"

"ఏమ్మే, నువ్వెప్పుడొస్తివి? కాఫీ తాగుదువు రా."

"చీటీ ఇచ్చినావా లేదా?"

"ఇస్తాంలేమ్మే. బస్సు ఆ దావన ఆపను కుదర్లే. ఇయ్యాల్నో రేపో ఇస్తా."

"నాలుగు నెలలకు ముందు ఓకే అంటివే?"

అప్పుడు మామ చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూశాడు. వాళ్ల ముందు మాట పోతుందని భయపడ్డాడేమో, గొంతు పెంచాడు.

"ఓకే అంటినే గానీ, మాట ఇస్తినా? నేను వక్కాకు తీసుకుంటినా? నువ్వే సూస్తివి గదా, మీయమ్మ ఇయ్యబోతే కూడా నేను తీసుకోలే."

 పక్కనున్న ఒకాయన "అదీ నిజమే గదమ్మా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటిదాకా మామను బద్ధకస్తుడనీ, డాబు మనిషనీ అనుకున్నాను. కాదు. ఆయనకు అంతా తెలుసు. అందుకోవడమంటే ఏమిటో మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఆ రోజు చెయ్యి బయటికి తియ్యలేదు. వెనక్కి పోవడానికి దారి ఉంచుకోవడానికే ఆ మాటను అంత దూరం నుంచి మోసుకొచ్చాడు. తెలుగులో అంత పిరికి మాట దొరక్కపోయి ఉంటుంది.

చీటీ ఇవ్వమన్నాను. జేబులో వెతికి తీశాడు. చాకలికి పోయి వచ్చిన కాగితం. మడతల్లో చిరిగి, సిరా నీలంగా పాకిపోయి, డాక్టరు సంతకం తోక మాత్రం మిగిలింది. దాన్నే తీసుకుని ఆయన బస్సే ఎక్కి మదనపల్లె పోయాను. టిక్కెట్టు ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు.

ఆస్పత్రిలో గుమాస్తా ఆ కాగితాన్ని కిటికీకి అడ్డం పెట్టి చూసి, ఇది చెల్లదన్నాడు. నేను అక్కడే ఏడ్చాను. ఏడుపు విని ఒక తెల్ల దొరసాని డాక్టరు బయటికి వచ్చింది. నర్సు ఒకామె, మన క్రైస్తవుల పిల్లే, నేను చెప్పిందంతా ఆవిడకు ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని అంతా విని, తల ఊపి, ఓకే అంది. నాకు చెంప మీద కొట్టినట్టయ్యింది. కానీ ఆవిడ ఆ మాట నోట్లో ఉండగానే కలం తీసింది. నిలబడే రాసింది. సంతకం చేసి, కాగితం నా చేతిలో పెట్టి, ఈ వారంలోనే తీసుకురమ్మంది. అంతా తుమ్మినంత సేపు. అప్పుడు తెలిసింది నాకు, ఆ మాటకు కూడా చేతులుంటాయని, మా మామ తెచ్చినప్పుడే అవి తెగిపోయాయని.

అమ్మను తీసుకొచ్చాను. ఎక్స్‌రే తీశారు. నర్సు నన్ను వసారా చివరకు పిలిచి, దొరసాని చెప్పమన్న మాట చెప్పింది. "మొదట్లోనే తెచ్చి ఉంటే ఒక పక్కే ఉండేదేమోనమ్మా. ఇప్పుడు రెండు పక్కలా పాకి ఉండాది."  

గుట్టలు కనపడేలా వసారాలో అమ్మకు మంచం వేశారు. పక్క మంచాలవాళ్లందరికీ అమ్మ ఒకటే చెప్పేది. తన తమ్ముడు పటాలంలో పనిచేసినాడని, ఇంగ్లీషు వచ్చునని, ఆయన ఒక్క మాట అంటే మంచం దొరికిందని. నేను పళ్లు బిగబట్టి వినేదాన్ని. మామ ఒకే ఒక్కసారి వచ్చాడు. వసారా మెట్టు ఎక్కలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని కింద నుంచే ఎట్లుండావక్కా అని అడిగి, బస్సుకు టైమైందని పోయాడు. అమ్మ ఆ వీపు కనపడినంతసేపూ చూసింది. సిగ్గు లేని వీపు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, నేను జడ వేస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"ఒక మాట అడగతా పాపా. నేను పోయినంక మీ మామను ఏమీ అనొద్దు. నలుగుర్లో ఆడి పరువు తియ్యొద్దు."

"నేనేమంటాను?"

"ఆ చీటీ సంగతి నాకు తెలుసులే. ఆ నర్సమ్మ సెప్పింది. ఆడు ఇయ్యలేదంట గదా."

 తెలిసే ఇన్నాళ్లూ పక్క మంచాలకు ఆ గొప్పలు చెప్పిందన్నమాట. అమ్మ తలగడ కింద నుంచి తిత్తి తీసింది. తినడానికి డాక్టరు ఒప్పుకోకపోయినా అది ఆమె దగ్గరే ఉండేది. ఎండిపోయిన రెండాకులు, ఒక వక్క పలుకు. అరచేతిలో పెట్టుకుని నా ముందుకు చాపింది. 

అందుకోవాలి. కన్నతల్లి చావు మంచం మీద నుంచి చాపిన చెయ్యి. నా కళ్ల ముందు ఆ కాఫీ హోటలు, ఆ గొంతు, నేను వక్కాకు తీసుకుంటినా అన్న ఆ మొహం. నా చేతులు రెండూ కొంగు కింద ఉన్నాయి. అక్కడే ఉంచుకున్నాను.

"ఓకేమ్మా" అన్నాను.

అమ్మ నా మొహం చూడలేదు. నా కొంగు వైపు, లోపల చేతులున్న చోటు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆకులు తిత్తిలో పెట్టుకుంది. ముడి వెయ్యడానికి వేళ్లకు బలం చాలలేదు. నేనే వేశాను.

తొమ్మిది రోజులకు అమ్మ పోయింది.

మామ నిండుగా బతికాడు. ప్యాంట్లు మారాయి, జేబులు మారలేదు. పుంగనూరులో ఆయన్ను పెద్దమనిషి అన్నారు, పంచాయతీలకు పిలిచారు, పోయినప్పుడు పూలదండలు వేశారు. ఆయన బతికున్నన్నాళ్లూ నేను నోరు విప్పలేదు. పాత పరిచయం ఉన్నవాళ్లు మొన్నా మధ్య నాతో, "మీ మామ లాంటి మనిషి మళ్లీ పుట్టడమ్మా, ఏం అడిగినా ఓకే అనేవాడు" అన్నారు. ఆ రోజే కాగితం తీసి ఇది రాయడానికి కూర్చున్నాను.

అమ్మకు ఇచ్చిన మాట తప్పావు కదా అని ఎవరైనా అడగవచ్చు. నేను మాట ఇవ్వలేదు. ఓకే అన్నాను, అంతే. వక్కాకు తీసుకోలేదు. మా అమ్మే చూసింది.